జవాబు ఆపకూడని రాణి

డాక్టర్ నరహరిగారిని ప్రశ్న అడగడమంటే పని నెత్తిన వేసుకోవడమే. నిద్ర జబ్బుల మీద జీవితమంతా పరిశోధన చేసిన మనిషి, ఎన్ని పుస్తకాలు చదివి ఉంటారో తెలీదు గానీ, శిష్యులు ఏదైనా అడిగితే ఫలానా పుస్తకం చూడమని చెప్పిన పాపాన పోరు. ఎవరో ఒక రోగిని అప్పజెబుతారు. "చూసి రా" అంటారు. చూసి వచ్చినవాళ్లలో కొందరికి జవాబు దొరికేది, కొందరికి అడిగిందేమిటో గుర్తుండేది కాదు. అందుకే ఆ విభాగంలో తెలివైనవాళ్లు ఆయన్ని ఏమీ అడగకుండా జాగ్రత్తపడేవారు.

వైజయంతి కొత్తగా చేరింది. ఒక మందు పరీక్షకు రోగుల చేత ఒప్పుదల సంతకాలు పెట్టించే పని ఆమెది. ఒకనాడు టీ వేళప్పుడు, తాను అడగబోయేది చాలా లోతైన ప్రశ్న అని తనకే అనిపించి, కాస్త గర్వంగానే అడిగింది.

"సార్, సంతకం పెట్టేది మెలకువగా ఉన్న మనిషి. మందు పోయి పట్టుకునేది నిద్రలో ఉన్న మనిషిని. ఆ రెండోవాణ్ణి మనం అడగక్కర్లేదా?"

నరహరిగారు గ్లాసు కింద పెట్టారు. "బొమ్మలాటాయన వచ్చాడు కదా, పెన్నోబులేసు. ఆయన్ని ఇకనుంచి నువ్వు చూడు" అన్నారు.

పెన్నోబులేసుది అనంతపురం పక్క పల్లె, తోలుబొమ్మలాట కుటుంబం. ఆటలో రాజుల పాత్రలన్నీ ఆయనవే. తెర వెనక నిలబడి గొంతెత్తాడంటే పక్క ఊళ్లో పడుకున్నవాళ్లు కూడా లేచి వచ్చేవారట. ఇప్పుడు పార్కిన్సన్ జబ్బు. మొహం చెక్కలా బిగుసుకుపోయింది. చొక్కా గుండీ తనంతట తాను పెట్టుకోలేడు. మాట్లాడితే ఎదుటివాళ్లు నోటి దగ్గర చెవి పెట్టాలి. ఆట మానేసి నాలుగేళ్లయింది. అయితే ఆసుపత్రికి వచ్చింది దాని కోసం కాదు. నిద్రలో భార్యను కొడుతున్నాడు.

ఇందులో వింతేమీ లేదని వైజయంతికి తెలుసు. కల వస్తున్నంతసేపు మన ఒళ్లు కట్టేసినట్టు పడి ఉంటుంది. అది దేహం చేసుకున్న ఏర్పాటు. కొందరికి ఆ కట్టు ఊడిపోతుంది. వాళ్లు కలలో ఏం చేస్తే మంచం మీదా అదే చేస్తారు. దానికి మందుంది, అంతకన్నా మంచి మందు కోసమే ఈ పరీక్ష. మొదటిసారి పెన్నోబులేసును రాత్రి పడుకోబెట్టి చూశారు. ఆయన తెల్లవార్లూ కళ్లు తెరుచుకుని కప్పు చూస్తూ ఉన్నాడు. బతుకంతా రాత్రులు ఆట ఆడి పగలు పడుకున్న మనిషిని రాత్రి నిద్రపొమ్మంటే ఎక్కణ్ణించి వస్తుంది నిద్ర? నరహరిగారు ఆ రిపోర్టు చూసి నవ్వి, పరీక్ష పగటికి మార్పించారు.

"నేను కొట్టినట్టు నాకు తెలీదమ్మా" అన్నాడు పెన్నోబులేసు వైజయంతితో, గుసగుసగా. "లేచి చూస్తే ఆమె చెయ్యి వాచి ఉంటాది. యా పొద్దో ఆమె తలకాయ పగలగొడతా. అంతకుముందే మందియ్యండి. నీ కాళ్లు మొక్కుతా."

ఆయన భార్య అంకాలమ్మ పక్కనే కూర్చుని ఉంది. ఎడమ మణికట్టుకు పిండికట్టు. "చెయ్యే గదమ్మా, అతుక్కుంటాది. మందేం వద్దు" అంది.

"మంచం దూరంగా వేసుకుని పడుకోవచ్చు కదా అమ్మా?" అని అడిగింది వైజయంతి. అంకాలమ్మ మొగుడి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఇంకేమడిగినా నోరు మెదపలేదు. మొండి మనిషి అనుకుంది వైజయంతి. పల్లెటూరి ఆడవాళ్లంతా ఇంతే, దెబ్బలు తిని దాచుకుంటారు, అని కూడా అనుకుంది. చదువుకున్నవాళ్లకి ఇలాంటివి అనుకోవడం ఎంతసేపు.

ఆ మధ్యాహ్నం, మందు ఇవ్వకముందు చేసే నిద్ర పరీక్ష మొదలైంది. బయట ఎండ పెళపెళలాడుతోంది, క్యాంటీన్‌లో సాంబారు మరుగుతోంది, వరండాలో రోగులు టోకెన్ల కోసం గొడవపడుతున్నారు. ఆ గదికి మాత్రం నల్ల తెరలు వేసి చీకటి చేశారు. పెన్నోబులేసు తల నిండా వైర్లు అతికించి, గొంతు మీద మరో సెన్సరు పెట్టి పడుకోబెట్టారు. తోడు వచ్చినవాళ్లకి గోడవార ఇంకో మంచం ఉంది. అంకాలమ్మ దాని వైపు చూడనైనా చూడకుండా ఒక స్టూలు లాక్కుని మొగుడి తలాపున కూర్చుంది. వైజయంతి పక్క గదిలో కంప్యూటరు తెర ముందుంది; చీకట్లోనూ చూసే కెమెరా బొమ్మ, మైకు శబ్దం, మెదడు గీతలు అన్నీ అందులోకే వస్తాయి.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత దుప్పటి కదిలింది. గుండీ పెట్టుకోలేని ఆ చేతులు రెండూ గాలిలోకి లేచాయి. వేళ్లు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. మణికట్లు తిరిగాయి, ఒకటి వంగింది, ఒకటి ఎగిరింది. వణుకన్నది మచ్చుకైనా లేదు. ఆ చేతుల మధ్య బొమ్మ ఉంటే అది నడుస్తూ ఉండేది. అప్పుడు గొంతు వచ్చింది. స్పీకరు బద్దలవుతుందేమోనని వైజయంతి ఉలిక్కిపడి ధ్వని తగ్గించింది.

"తలుపు తియ్యి దేవీ. యుద్ధం ముగిసింది. వచ్చినాను."

అంకాలమ్మ ముందుకు వంగి, మెల్లగా, రాగం తప్పకుండా అంది: "వస్తా స్వామీ. దీపం ఎత్తుకుని వస్తా."

నిద్రపోతున్న మనిషి ఆమె మాట అయ్యేదాకా ఆగాడు. ఆగి అడిగాడు: "కోటలో కుక్కలు నన్ను చూసి మొరగవేమి?"

"మీ అడుగుల చప్పుడు ఎరిగినవి స్వామీ. ఎందుకు మొరుగుతాయి?"

"నా ఒళ్లు చల్లగా ఉందేమి?"

"మంచులో వచ్చినారు గదా."

వైజయంతి కుర్చీ ముందుకు జరుపుకుంది. తెర మీద గీతలు చూసింది. సందేహం లేదు, ఆయన గాఢమైన కలలో ఉన్నాడు. రాజు తలుపు తియ్యమని మళ్లీ అడిగాడు, మళ్లీ అడిగాడు, చివరికి కోపంగా తలుపు తోశాడు. ఆ తోపు అంకాలమ్మ భుజానికి తగిలింది. ఆమె స్టూలు మీదే ఊగి, పడకుండా నిలదొక్కుకుని, రాణి మాట పూర్తిచేసింది.

పరీక్ష అయ్యాక వైజయంతి ఆమెను మెట్ల దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. అంకాలమ్మ అప్పుడు చెప్పింది. అది వాళ్ల ఇంటి ఆట, ఇంకెవరూ ఆడరు. రాజు యుద్ధంలో చచ్చిపోతాడు. చచ్చినట్టు ఆయనకు తెలీదు. తెల్లవారుజామున ఇంటికొచ్చి తలుపు కొడతాడు. రాణికి తెలుసు. తలుపు తియ్యకూడదు, చచ్చిపోయావని చెప్పకూడదు. తెల్లారేదాకా మాటల్లో పెట్టాలి. వెలుగొస్తే ఆయనంతట ఆయన పోతాడు.

"రాణి జవాబు ఆపకూడదమ్మా. ఆపిందా, రాజుకు తెలిసిపోతాది. తెలిస్తే యాడికీ పోలేడు, అట్లనే తిరుగుతా ఉంటాడు" అంది అంకాలమ్మ. "మొదట్లో నేను దూరంగానే పండుకుంటి. జవాబు వినపడక నన్ను వెతుక్కుంటా లేచి పడిపోయినాడు. అప్పట్నించి పక్కనే కూచుంటా."

"ఆయనకు చెప్పలేదా?"

"కాళ్లు చేతులు ఆడిస్తాడని చెప్పినా. పాడతాడని చెప్పలే. చెప్తే మేలుకున్నప్పుడు ఆ గొంతు కోసం వెతుక్కుంటాడు. దొరకదు గదమ్మా. నువ్వూ చెప్పొద్దు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మేలుకున్నంతసేపూ నాతో ఉండేది ఎవరో ముసలాయన. నా మొగుడు నిద్రలోనే వస్తాడు. మందేసి ఆయన్ని రాకుండా చేస్తారు, అంతేనా?"

వైజయంతికి ఏడుపొచ్చింది. నేరుగా నరహరిగారి దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పి, ఈ మనిషిని మందు పరీక్ష నుంచి తీసేద్దామంది.

"కావాలని అడిగాడా, లేదా?" అన్నారాయన.

"అడిగాడు. కానీ ఆమె…"

"ఆమె మన పేషెంటు కాదు. ఈసారి చెయ్యి విరిగింది. వచ్చేసారి తలకి తగిలితే ఆయనకేం సమాధానం చెబుతావు? మందివ్వు."

పెన్నోబులేసు వణికే చేత్తో సంతకం పెట్టాడు. మందు మొదలైంది. నెల దాటాక మళ్లీ అదే గదిలో, అదే మధ్యాహ్నపు చీకట్లో పడుకోబెట్టారు.

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. కల వచ్చినట్టు గీతలు చెబుతున్నాయి గానీ దుప్పటి మడత చెదరలేదు. నెల రోజులుగా ఇంట్లో కాచుకున్నట్టే అంకాలమ్మ తలాపున కూర్చుని చాలాసేపు చూసింది. చివరికి తానే, "వస్తా స్వామీ. దీపం ఎత్తుకుని వస్తా" అంది. జవాబు లేదు. ఇంకోసారి అంది. మనిషి ఊపిరి తీస్తున్నాడు, వదులుతున్నాడు, అంతే. పక్క గదిలో వైజయంతి చెంగు నోట్లో కుక్కుకుంది. తాను ఎవర్నో చంపినట్టుగా అనిపించింది ఆమెకి. అంకాలమ్మ ఏడవలేదు. లేచి వెళ్లి, గోడవార మంచం మీద ఒరిగింది. నాలుగేళ్లుగా కునుకు లేని మనిషి, తల దిండుకి ఆనగానే నిద్రపోయింది.

మరి కాసేపటికి పెన్నోబులేసుకి మెలకువ వచ్చింది. గీతలు మారాయి. కళ్లు తెరిచాడు, మెల్లగా లేచి కూర్చున్నాడు. వైర్లు తియ్యడానికి వైజయంతి కుర్చీలోంచి లేవబోయింది.

"తలుపు తియ్యి దేవీ. యుద్ధం ముగిసింది. వచ్చినాను."

అదే గొంతు. వైజయంతి తెర మీద పెన్నోబులేసు పెదవులు చూసింది. మూసుకుని ఉన్నాయి. ఆయన గొంతు మీది సెన్సరు గీత చూసింది. తిన్నగా ఉంది. మైకు పాడైందేమో, పాత రికార్డింగు కలిసిందేమో అని ఆమె వెతుకుతూ ఉండగానే గోడవార మంచం మీద రెండు చేతులు గాలిలోకి లేచాయి. ఒకదానికి ఇంకా కట్టు ఉంది. ఆడమనిషి ఎంత బరువు తెచ్చుకుని మాట్లాడినా ఆడగొంతు ఆడగొంతే; ఇది అలా లేదు.

"కోటలో కుక్కలు నన్ను చూసి మొరగవేమి?"

లోపల పెన్నోబులేసు కదలకుండా విన్నాడు. ఆ చెక్క మొహంలో భయముందో, సంతోషముందో చెప్పడం ఎవరి తరం కాదు. గొంతు ఇంకోసారి అడిగింది, ఈసారి కొంచెం అనుమానంగా. ఆయన మంచం దిగాడు. అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. తల మీది వైర్లు ఒక్కొక్కటే ఊడిపోతుంటే తెర మీద గీతలు ఒక్కొక్కటే చదునైపోయాయి. ఆమె తలాపున స్టూలు వేసుకుని, వంగి, తన చిల్లుపడ్డ గొంతుతో, రాగం తప్పకుండా అన్నాడు.

"మీ అడుగుల చప్పుడు ఎరిగినవి స్వామీ. ఎందుకు మొరుగుతాయి?"

రాజు అడుగుతూ పోయాడు. పెన్నోబులేసు జవాబిస్తూ పోయాడు. తలుపు తోసే చోటికి వచ్చేసరికి అంకాలమ్మ పిండికట్టు చెయ్యి ఆయన రొమ్ముకి గట్టిగా తగిలింది. వెనక్కి జరగలేదాయన. అక్కడ ఎలాంటి నిద్ర జరుగుతోందో, అది కలో మరొకటో చెప్పడానికి ఏ యంత్రమూ లేదు. ఆమె తలకి ఒక్క వైరూ లేదు.

వైజయంతి తలుపు తోసుకుని వచ్చేసరికి గొంతు ఆగిపోయింది. అంకాలమ్మ పక్కకి తిరిగి హాయిగా నిద్రపోతోంది. పెన్నోబులేసు తల తిప్పకుండానే గుసగుసగా అడిగాడు.

"అది నా గొంతేనా తల్లీ?"

అవునంది వైజయంతి.

"నాలుగేండ్లయింది నేను దాన్ని విని." అంకాలమ్మ మీదికి దుప్పటి లాగాడు. "ఆమెకు చెప్పొద్దు. చెప్తే మళ్లా నిద్రపోదు."

సాయంత్రం అంకాలమ్మ లేచి, ఒళ్లు విరుచుకుని, ఇంత నిద్ర పట్టి ఎన్నేళ్లయిందో అంది. ఆయన కదిలినాడా అని అడిగింది. కదల్లేదని చెప్పింది వైజయంతి. ఒకరికొకరు తెలియకుండా చెప్పవద్దన్న ఇద్దరి మాటా నిలబెట్టింది గానీ, ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లి దీపం ఆర్పడానికి ఆమెకి చెయ్యి రాలేదు. ఆర్పకుండానే వచ్చేసింది.

నరహరిగారు రికార్డింగు మొత్తం కళ్లు మూసుకుని విన్నారు. వైజయంతి చేతులు కట్టుకుని నిలబడింది.

"రిపోర్టులో ఏమని రాయను సార్?"

"మందు పనిచేసిందని రాయి" అన్నారు నరహరిగారు. "నిద్రలో ఉన్నవాణ్ణి ఇల్లు ఖాళీ చేయించాం. ఎక్కడికి పోతావని మాత్రం అడగలేదు."