జీలుగుపేట మలుపులో పదో పేరు

జీలుగుపేటలో తవిటినాయుడు, గౌరునాయుడు, పైడిరాజు అని ముగ్గురు అన్నదమ్ములుండేవారు. జిల్లాలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. అంత తెలివి ఒకేచోట ఉంటే వేడి చేస్తుందని ముగ్గురూ రోజూ నెత్తికి ఆముదం రాసుకునేవారు. వాళ్ళమ్మ గవరమ్మకి అంత తీరిక లేదు, ఆవిడ గేదె పాలు పితకాలి.

ఇంటి ముందే హైవే, అదీ మలుపులో. పాలకేంద్రమేమో అవతలి పక్క. గవరమ్మ పొద్దునా సాయంత్రం పాలక్యాను పట్టుకుని ఆ రోడ్డు దాటాలి. లారీలు ఆగవు. మూడేళ్ళలో ఆ మలుపులో ఊరివాళ్ళే తొమ్మిది మంది పోయారు. పదో మనిషి అమ్మే అవుతుందేమోనని కొడుకులకి ముద్ద దిగేది కాదు. వెర్రివాళ్ళే గానీ అమ్మంటే ప్రాణం.

ముగ్గురూ వెళ్ళి రోడ్ల ఆఫీసరుని స్పీడ్ బ్రేకరు వేయించమని అడిగారు. ఒకచోట పది చావులు నమోదైతేగానీ బ్రేకరు రాదనీ, మీ మలుపుకి ఒకటి తక్కువైందనీ ఆయన చెప్పాడు. తొమ్మిది పేర్లూ ఉన్న పుస్తకం చేతికిచ్చి, ఇకమీదట జరిగే ప్రమాదాలు మీరే రాయండి, ఒక్క గడి కూడా ఖాళీగా ఉంచకండి అన్నాడు. ఈలోగా రెండు వైపులా చూసి దాటమనండి, హెల్మెట్ లేకుండా ఎవరినీ రోడ్డెక్కనివ్వకండి అనీ చెప్పాడు.

అంతే. మర్నాడు పొద్దున్నే అమ్మని రోడ్డు పక్కన నిలబెట్టారు. ఆవిడ ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. కుడివైపు చూస్తున్నప్పుడు ఎడమవైపు చూడనట్టే కదా అన్నాడు గౌరునాయుడు. మళ్ళీ ఎడమవైపు చూసింది. ఈసారి కుడివైపు మిగిలిపోయింది. ఇలా మధ్యాహ్నం దాకా తిప్పించారు. ఎండకి పాలు విరిగిపోయాయి, ఆవిడ మెడ పట్టేసింది.

ఆ మర్నాడు హెల్మెట్ సంగతి చూశారు. అమ్మ నెత్తిన ఇత్తడి తపేలా బోర్లించారు. ఎవరినీ అంటే ఎవరినీనే కాబట్టి గేదె తలకి గంగాళం కట్టారు. ఇంకేముంది, కళ్ళు కనబడక గేదె హైవే మీదికి పరుగెత్తింది. కొబ్బరికాయల లారీ ఒకటి బ్రేకు వేసి పొలంలోకి దిగిపోయింది. కాయలు రోడ్డంతా దొర్లాయి. దేవుడి దయవల్ల డ్రైవరుకి గానీ గేదెకి గానీ చిన్న గీత కూడా పడలేదు.

తవిటినాయుడు పుస్తకం తెరిచాడు. తారీఖు రాశాడు, బండి నంబరు రాశాడు, చనిపోయినవారి పేరు అన్న గడి దగ్గర ఆగిపోయాడు. అది ఖాళీగా ఉంచకూడదు కదా. ముగ్గురూ ఆలోచించారు. పెద్దవాడికి పెళ్ళాం ఉంది, ఏడుస్తుంది. రెండోవాడికి జ్వరం, ఒంట్లో బాగోనప్పుడు చావడం మంచిది కాదు.

"నన్ను రాసీ అన్నయ్యా. అమ్మకి బ్రేకరొస్తాది గదా" అన్నాడు పైడిరాజు.

రాసేశారు. కారణం అన్న గడిలో గేదె అని రాశారు.

పుస్తకం ఆఫీసుకి వెళ్ళింది, వారంలో బ్రేకరు పడింది. గవరమ్మ నిమ్మళంగా రోడ్డు దాటింది. కానీ చచ్చిపోయినవాడికి కంచం ఎలా పెడతారు? పైడిరాజు ఆకలికి నకనకలాడిపోయాడు. పెద్దకర్మ నాడు మాత్రం తనే విస్తళ్ళు వేసి, తనే వడ్డించి, తన ఫొటో ముందు కూర్చుని రెండు విస్తళ్ళు ఖాళీ చేశాడు. ఎంత మంచివాడో అని వచ్చినవాళ్ళంటే, అవునని తనూ ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే ఆఫీసరు పరామర్శకొచ్చాడు. పాపం పోయిన కుర్రాడెవరని అడిగాడు.

"నానే బావూ" అని పైడిరాజు లేచి దణ్ణం పెట్టాడు.

ఆఫీసరు వెళ్ళి కొత్త బ్రేకరు మీదే కూలబడ్డాడు. పీకించేద్దామనే అనుకున్నాడు. ఇంతలో తపేలా నెత్తిన పెట్టుకుని గవరమ్మ పాలతో వచ్చింది. ఆవిణ్ణి చూసి ఆయనకి మనసొప్పలేదు. సరే, బ్రేకరు ఉండనిస్తాను, కానీ ఈ పుస్తకంలో పది ఉన్నది ఏడాది తిరిగేసరికి ఐదుకి తగ్గాలి, లేకపోతే పీకించేస్తాను అని చెప్పి, పుస్తకం మళ్ళీ వాళ్ళ చేతికిచ్చి జీపెక్కాడు.

అన్నదమ్ములు పుస్తకం ముందేసుకున్నారు. కూర్చుని లెక్క వేశారు. పైడిరాజు తిరిగొచ్చేశాడు కాబట్టి పది కాస్తా తొమ్మిదయ్యాయి. ఐదు కావాలంటే ఇంకో నలుగురు రావాలి.

ఇంకేముంది, పుస్తకం పట్టుకుని ముగ్గురూ శ్మశానానికి వెళ్ళారు. చూస్తే నమ్మకం కుదురుతుందని పైడిరాజుని ముందు నిలబెట్టారు. తవిటినాయుడు తొమ్మిది పేర్లూ గట్టిగా చదివాడు.

"అందరూ అక్కర్నేదు. నలుగురు లెగిసొస్తే సాలు. మా తమ్ముడొచ్చీసినాడు, సూడండి" అన్నాడు.

ఎవరూ లేవలేదు. పొద్దు వాలేదాకా చూశారు. తవిటినాయుడు మళ్ళీ పిలవబోతే గౌరునాయుడు ఆపాడు.

"తొందరపెట్టకు అన్నయ్యా. తొమ్మిదిమందిలో నలుగురంటే ఆళ్ళు మాత్రం ఏటి సేస్తారు? నువ్వెళ్ళంటే నువ్వెళ్ళని మొగమాటపడతన్నారు."

అది నిజమేననిపించింది. తాము చూస్తుంటే వాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందని, ముగ్గురూ అటు తిరిగి కూర్చున్నారు.