నూటికి నూరుమందికీ కాకరకాయ

ఈ పెన్నకోట రాజ్యంలో నా అంత తెలివైనవాడు ఇంకొకడు పుట్టలేదు. అనుమానముంటే మా అమ్మనడగండి. పక్కింటావిణ్ణి మాత్రం అడక్కండి.

నా పేరు ఓబన్న. మల్లభూపతి మహారాజుగారి కొలువులో అందర్నీ నవ్వించడం నాకు సగం ఉద్యోగం. కోటలోని బడిపిల్లలకి లెక్కలు చెప్పడం మిగతా సగం. నవ్వించాల్సిన చోట ఎవరూ నవ్వరు. లెక్కలు చెప్పేచోట పిల్లలు నవ్వు ఆపరు.

ఒకసారి మహారాజుగారు అత్తవారింట కాకరకాయ పులుసు తిని వచ్చారు. అంతే, ఆ కాయమీద మనసు పారేసుకున్నారు.

"ఇంత మంచి పులుసు మన బడిపిల్లలకి లేకపోవడమేమిటయ్యా! రోజూ మధ్యాహ్నం ఇదే పెట్టిద్దాం. ముందు మన ఊరివాళ్ళకి ఈ కాయ ఇష్టమో కాదో కనుక్కోండి" అన్నారు.

కనుక్కొచ్చే పని ఆస్థాన గణకుడు విస్సంభట్టుగారికి పడింది. ఆయనకి రెండే ప్రాణాలు. ఒకటి అంకెలు, రెండోది నడుందాకా ఉన్న తన జుట్టు. దాన్ని భుజంమీంచి ముందుకు వేసుకుని దువ్వుకుంటూ లెక్కలు అప్పజెబుతారు.

మర్నాడే వచ్చి, "ప్రభూ! నూరుమందిని అడిగాను. నూరుమందికీ కాకరకాయంటే పంచప్రాణాలు! నూటికి నూరంటే ఇంక వాదనకి చోటేదీ?" అన్నారు.

"పిల్లలు తినరు ప్రభూ" అన్నాను. మధ్యాహ్నం పిల్లల పంక్తిలోనే నాకూ విస్తరి వేస్తారు మరి.

"ఒరే ఓబన్నా, నీ మాటకి లెక్కేదిరా?" అన్నారు విస్సంభట్టుగారు, జుట్టు దువ్వుకుంటూ.

మహారాజుగారికి ఆ మాట నచ్చింది. "నిజమే. లెక్కకి లెక్కే జవాబు. ఎల్లుండికల్లా నీ లెక్క తీసుకురా. తేలేకపోతే ఆ రోజునుంచే పులుసు" అన్నారు.

బడికి వెళ్ళేసరికి కబురు నాకంటే ముందే చేరింది. సగంమంది ఏడుపు. మిగతా సగం, ఏడవడానికి తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు.

"అయ్యవారూ, భట్టుగారు అబద్ధం చెప్పారు కదా?" అంది వెంగమ్మ. ఆరేళ్ళది, వంటశాల పెద్దగారి కూతురు.

"లేదమ్మా, నిజమే చెప్పారు. అదే మన కష్టం."

"నిజమేలెండి. మా నాన్న కాకరకాయలు కొనబోతే, భట్టుగారు ఆ కొట్టు ముందు పీటేసుక్కూర్చుని వచ్చినవాళ్ళందర్నీ అడుగుతున్నారట."

నేను బెత్తం కింద పడేశాను.

"పిల్లలూ, ఇవాళ్టి పాఠం ఇదే. ఎవరైనా పెద్ద అంకె చెబితే నోరు తెరుచుకుని వినకండి. ఎక్కడ నిలబడి అడిగావు, అని అడగండి."

వెంగమ్మ వెంటనే చెయ్యెత్తింది. "మొన్న మీరు, తరగతిలో అందరికీ నా పాఠమే ఇష్టం అన్నారు కదా. ఎక్కడ నిలబడి అడిగారు?"

"ఇక్కడే."

"అప్పుడు మీ చేతిలో ఏముంది?"

"బెత్తం... సరే, కూర్చో."

పాఠం బాగా తలకెక్కిందని గర్వపడాలో, సిగ్గుపడాలో తెలియలేదు. కొంచెం కొంచెం రెండూ పడ్డాను.

ఈ కొట్టు సంగతి నేనే వెళ్ళి చెబితే రాజుగారు వినరు. భట్టుగారి అంకెలంటే ఆయనకి అంత గురి. అందుకని దాన్ని భట్టుగారి నోటితోనే చెప్పించాలనుకున్నాను.

గడువు రోజున కొలువు నిండింది. స్తంభాల వెనక పిల్లలు కూడా నిండారు.

"ప్రభూ, నేనూ నూరుమందిని చూశాను. నూరూ నున్నటి గుండ్లే! మన ఊళ్ళో జుట్టున్నవాడు ఒక్కడూ లేడు."

"ఆఁ!" అన్నారు మహారాజుగారు.

"ఊరంతా ఒక దారి, కొలువంతా ఒక దారి అయితే ఏం బాగుంటుంది? అందరికీ ఇష్టమని పిల్లలకి కాకరకాయ పెడుతున్నాం కదా. అదే న్యాయం మనకీ చేసుకుందాం. మంగలి అంకన్న గుమ్మంలోనే ఉన్నాడు. గణకులవారితో మొదలుపెట్టమన్నాను."

మహారాజుగారు గడ్డం నిమురుకున్నారు. "విస్సంభట్టూ, నూటికి నూరంటే ఇంక వాదనకి చోటు లేదని నువ్వే అన్నావు కదా?"

అంకన్న కత్తి నూరుతున్న చప్పుడు లోపలికి వినబడింది. భట్టుగారు రెండు చేతులతో జుట్టు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"ఎక్కడ నిలబడి లెక్కపెట్టావురా దౌర్భాగ్యుడా!"

స్తంభాల వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. నేను దండం పెట్టాను.

"కొండ గుడి కల్యాణకట్టలో స్వామీ, మొక్కులవాళ్ళు తలనీలాలిచ్చి బయటికొచ్చే గుమ్మంలో. మరి తమరెక్కడ నిలబడి అడిగారు?"

భట్టుగారు మహారాజుగారిని చూశారు. గుమ్మంలో అంకన్నని చూశారు. జుట్టు మాత్రం వదల్లేదు.

"కా... కాకరకాయల కొట్టు ముందు."

మహారాజుగారికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తరవాత సింహాసనం కిర్రుమనేలా నవ్వారు. "కాకరకాయలు కొనడానికొచ్చినవాడు కాకరకాయ ఇష్టం లేదంటాడా ఏమిటయ్యా! నా పులుసు నేనే తింటాను. పిల్లలకి వాళ్ళు అడిగిందే వండించండి!"

పిల్లలు కేకలు పెట్టారు. భట్టుగారు పాపం, జుట్టు దక్కిన సంతోషంలో తనూ నవ్వేశారు.

"ఓబన్నా, ఇలా రా" అంటూ మహారాజుగారు పళ్ళెంలోంచి జరీ తలపాగా తీశారు. "నా చేత్తో చుడతాను. ఆ పాతది తియ్యి."

"దానిమీదే చుట్టేయండి ప్రభూ."

"తియ్యవయ్యా!"

తీశాను. కొలువులో కిటికీలన్నిటి వెలుగూ నా నెత్తిమీదే పడింది.

"ఇదేమిట్రా!" అన్నారు విస్సంభట్టుగారు.

తల వంచుకుని నిజం ఒప్పేసుకున్నాను.

"తొంభైతొమ్మిది దగ్గర కల్యాణకట్ట మూసే వేళయింది స్వామీ. నూరోవాడు ఎంతకీ రాలేదు."