వేడి అన్నానికి వాటా

అనగా అనగా, ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోట రేవుపురం అనే పట్టణం ఉండేది. దానిని జయకేతుడనే రాజు పాలించేవాడు.

ఒకనాడు రాజు మారువేషంలో తిరుగుతూ, వానకు తడిసి ఒక గుడిసెలో తలదాచుకున్నాడు. లోపల అప్పలసామి అనే ముసలివాడు ఒంటరిగా కూర్చుని చల్లటి గంజి తాగుతున్నాడు. ఒకప్పుడు అతడు ఏటి మీద పడవ నడిపినవాడు.

"ఇంత చలిలో చల్లగంజి ఎందుకు తాతా? కాస్త అన్నం వండుకోరాదా?" అని అడిగాడు రాజు.

"చేతులు వణుకుతాయి నాయనా. అయినా ఒక్క ప్రాణానికి పొయ్యేం రాజేస్తాను? నా ముసలిది పోయిన నాడే ఈ పొయ్యీ చల్లారింది" అన్నాడు అప్పలసామి. అంటూనే ఉన్న గంజిలో సగం రాజు ముందుకు జరిపాడు.

వాన వెలియగానే రాజు కోటకు తిరిగి వెళ్ళి మంత్రిని పిలిపించాడు.

త్వరలోనే ఊరి నడుమ ఒక సత్రం వెలిసింది. ముసలివారెవరైనా మధ్యాహ్నం వచ్చి వేడివేడిగా తినిపోవచ్చు. ఖర్చంతా ఖజానాది. వంట గవరమ్మ అనే ఆమెది. పళ్ళు లేనివారి కోసం ఆమె అన్నం మెత్తగా వండేది. ఆకలితో వచ్చేవారు కొందరైతే, నాలుగు మాటల కోసం వచ్చేవారు అంతకు రెట్టింపు.

కొంతకాలానికి వానలు ముఖం చాటేశాయి. ఖజానా వట్టిపోయింది.

"ప్రభూ, సైనికుల జీతాలు ఆపలేం. చెరువుల తవ్వకం ఆపలేం. ముసలివారి సత్రమే కదా, ఆపుదాం" అన్నాడు మంత్రి. రాజు బరువెక్కిన మనసుతో తల ఊపాడు.

అప్పుడు ఓడల వర్తకుడు రత్నాకరుడు ముందుకు వచ్చాడు. "సత్రం నేను నడుపుతాను మహారాజా! నాది ఒక్కటే కోరిక. తినబోయే ముందు ప్రతివారూ లేచి నిలబడి నాకు జేజేలు పలకాలి."

పొయ్యి మళ్ళీ వెలిగింది. కాని పంక్తిలో విస్తళ్ళు రోజురోజుకూ తగ్గాయి. అప్పలసామి అయితే రావడమే మానేశాడు.

గవరమ్మ అన్నం మూటగట్టుకుని అతని గుడిసెకు వెళ్ళింది. ముసలివాడు మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. డొక్కలు లెక్కపెట్టవచ్చు.

"ఎందుకు రావడం లేదు తాతా?"

"నోట్లో పళ్ళు పోయాయి గాని తల్లీ, సిగ్గు పోలేదు. ఈ ఊళ్ళో సగం మందిని ఏరు దాటించాను. ఒక్కరిచేతా జై అనిపించుకోలేదు."

"నువ్వు తింటేగాని నేనూ తినను" అని గవరమ్మ నేల మీద చతికిలబడింది. చాలాసేపటికి అతడు నాలుగు ముద్దలు మింగాడు. ఆమెకు కన్నీళ్ళు వచ్చాయి. ఆ వెనకే కోపమూ వచ్చింది.

అంతలో రత్నాకరుడు, "జేజేలు పలికేవారే లేనప్పుడు ఖర్చు దేనికి?" అని చేతులు దులుపుకున్నాడు. సత్రంలో కుండలు మళ్ళీ బోర్లించారు.

గవరమ్మ తిన్నగా రాజసభకు వెళ్ళింది.

"మహారాజా, సభవారిని ఒక మాట అడగనివ్వండి."

"అడుగమ్మా."

"అయ్యలారా! మీలో ఎవరెవరు ముసలివారు కాబోరో, వారు చెయ్యెత్తండి. వారిని నేనేమీ అడగను."

చెయ్యెత్తితే నడివయసులో చావు కోరుకున్నట్టే! మంత్రి ఎత్తలేదు. సేనాపతి ఎత్తలేదు. తలపాగా సర్దుకోబోయిన రత్నాకరుడు గబుక్కున చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయితే మీరంతా ఆ సత్రానికి రాబోయే చుట్టాలే. ఎవరి విస్తరికి వారే ఇంత బియ్యం వేయండి" అంది గవరమ్మ. "ఖజానా ఎండిపోవచ్చు. దాత మనసు మారవచ్చు. ఊరంతా తలో గుప్పెడూ వేస్తే, ఒక చెయ్యి ఆగినా కుండ ఆగదు."

"కరవు రోజుల్లో జనం ఇస్తారా?" అన్నాడు మంత్రి.

"బస్తా అడిగితే ఇవ్వరు బాబూ. గుప్పెడు అడిగితే లేదనరు."

రాజు సింహాసనం దిగి వచ్చాడు. "రేవు సుంకంలో ఒక పాలు ఇకమీద సత్రానిదే. పంట పండినా, ఎండినా దానిని నేను ముట్టను, నా తరువాతివారూ ముట్టరాదు. మిగిలింది ఊరు చూసుకోవాలి. మా ఇంటి గుప్పెడు మొదట తీసుకో తల్లీ!"

ఆనాటి నుంచి ప్రతి ఇల్లాలూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు పక్కన పెట్టింది. జాలరులు చేపలిచ్చారు. బండివాళ్ళు కట్టెలు తోలారు. ఎవరు ఎంత ఇచ్చారో చాటింపు వేయడం మాత్రం నిషేధం.

అప్పలసామి గవరమ్మ భుజం పట్టుకుని మెల్లగా వచ్చి పంక్తిలో కూర్చున్నాడు. లేచేదాకా అతనిని ఎవరూ ఏమీ అడగలేదు, "ఇంకొంచెం వడ్డించమంటావా?" అని తప్ప.

ఏళ్ళు గడిచాయి. గవరమ్మ చేతులకూ సత్తువ తగ్గింది. ఇంకొకరు గరిటె అందుకున్నారు. ఆమె వెళ్ళి పంక్తిలో కూర్చుంది. పక్క విస్తరి ముందు తల నెరిసిన రత్నాకరుడు కనిపించాడు.

"ఇందులో నా బియ్యం కూడా ఉన్నాయి కదూ గవరమ్మా?" అన్నాడతడు ముద్ద కలుపుతూ.

"ఉన్నాయి బాబూ. ఏ మెతుకో మాత్రం నన్నడగకు" అంది గవరమ్మ.

ముసలితనం అందరిదీ గనుక, ముసలివారికి పెట్టే అన్నంలో అందరి గుప్పెడూ ఉండాలి.