రాళ్ళు లేని వడిసెల

నాంచారమ్మకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే నోటితో బదులు చెప్పేది కాదు, ఏదో ఒక పని చెప్పేది. ఆమె దగ్గర పన్నెండేళ్ళు చదువుకుని కొండసీమకు న్యాయాధికారి అయిన చెంగల్రాయుడికి కూడా అదే జరిగింది.

ఒక సాయంకాలం అతను వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, రేపు మధ్యాహ్నం సభలో తీర్పు చెప్పాలి. కొండవాలు రైతులు తుపాకి ఉంచుకోవచ్చని మన రాజ్యాంగంలో రాసి ఉంది. కొత్త అధికారి తుపాకులు ముట్టుకోలేదు గానీ వాళ్ళ తూటాలన్నీ తెప్పించి గదిలో పెట్టి తాళం వేశాడు. తూటా అన్న మాట రాజ్యాంగంలో ఎక్కడుందో చూపించమంటున్నాడు. అంతా వెతికాను, లేదు. లేనిది నేనెట్లా ఇచ్చేది?"

"అడివి పందులు ఏమంటున్నాయి?" అని అడిగింది ఆమె.

"సగం చేలు దున్నేశాయి. ఇంకో వారం పోతే ఈ ఏడు గింజ ఇంటికి రాదని రైతులు ఏడుస్తున్నారు."

"సరే. పొద్దున్నే నా జొన్నచేలో చిలకలు దిగుతాయి. కాసేపు కావలి కాసి అట్నుంచి సభకు పో. వడిసెల మంచె మీదే ఉంది, నీదే అనుకో."

తెల్లవారగానే అతను మంచె ఎక్కాడు. రాయి పెట్టి విసిరే వడిసెల ఉంది. ఎప్పుడూ దాని పక్కన కుప్పగా ఉండే వాగురాళ్ళు మాత్రం లేవు. కిందంతా వానకు నానిన నల్లరేగడి, గోరంత రాయి కూడా దొరకదు.

చిలకలు దిగాయి. అతను వట్టి వడిసెలే గిరగిరా తిప్పాడు. మొదటిసారి గుంపంతా లేచింది. రెండోసారి తలెత్తి చూశాయి. మూడోసారి అదీ లేదు.

"అమ్మా, రాళ్ళేవీ?" అని అరిచాడు.

గట్టు మీద గడ్డి కోస్తున్న నాంచారమ్మ తల ఎత్తలేదు. "వడిసెల నీ చేతిలోనే ఉంది గదా నాయనా. దాన్ని నేను ముట్టుకున్నానా?"

అతను దిగి వాగుకు పరుగెత్తాడు. పైపంచెలో రాళ్ళు మూట కట్టుకుని వచ్చేసరికి తూర్పు సాళ్ళను చిలకలు తినేశాయి. మళ్ళీ మంచె ఎక్కి ఉక్రోషం కొద్దీ విసిరాడు. చిలకలు పోయాయి గానీ ఒక రాయి పక్కచేలో ఎద్దు చెవిని రాసుకుంటూ పోయింది.

"చూశావా అమ్మా, తూటా ఎవరికి తగులుతుందోనని అధికారి భయపడేది ఇందుకే," అని నసిగాడు.

"ఎద్దుకు దెబ్బ తగిలుంటే నిన్ను అడుగుతాను. వాగును అడగను."

అతను మంచె దిగి వడిసెల గట్టు మీద పెట్టాడు. ఎండ ఎక్కుతోంది, సభకు వేళవుతోంది. "అయినా ఆ మాట రాసి లేదు గదమ్మా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

నాంచారమ్మ తూర్పు సాలులోకి పోయి చిలకలు తినేసిన కంకి ఒకటి విరుచుకొచ్చి అతని అరచేతిలో పెట్టింది. పొట్టు రాలింది.

"దీన్ని సభకు తీసుకుపో. ఇదేమిటని ఆ అధికారినే అడుగు. కంకి అనే అంటాడు. గింజలేవీ అని అప్పుడడుగు."