మూడో పంజరంలో చిలుక

శోభకృతు నామ సంవత్సరం, మండు వేసవి. అనగనగా కనకగిరిలో ఒక రాజు. ప్రజలు తనకంటే ఆయన్నే ఎక్కువగా మెచ్చుకుంటున్నారని ధూమకంఠుడనే మాంత్రికుడు ఓర్వలేక, ఆయన్ను రాయిని చేసి, ఏడు సముద్రాల అవతలి దీవికి పోయాడు.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు సింహకేతు విలువిద్యలో మేటి. నడిమివాడు హంసకేతు పడవ నడపడంలో దిట్ట. చిన్నవాడు మల్లకేతు గవ్వలు, గింజలు, ఈకలు పోగుచేసి రకరకాలుగా విడదీసేవాడు. అది చూసి తండ్రి మురిసిపోయేవాడు. ఆ మురిపెం చూస్తే పెద్దవాడికి కడుపు మండేది.

ముగ్గురూ ఏడు సముద్రాలు దాటారు. దీవినిండా చిలకలే. ఒక ఉడత చెట్టు దిగి వచ్చి ఇలా చెప్పింది.

"మాంత్రికుడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. దాని మెడకు ఎర్రగీత ఉంటుంది. అది ఏమీ తినదు. దాని బుద్ధి అచ్చం వాడి బుద్ధే. తప్పు చిలుకను చంపితే మాత్రం మీ నాన్న ఎప్పటికీ రాయే."

"ఇంకేం తమ్ముడూ, ఇక్కడ కూర్చుని నీ గవ్వలాట ఆడుకో" అన్నాడు సింహకేతు వెటకారంగా.

ముగ్గురూ చిలకల్ని పట్టారు. గీత లేనివాటిని మల్లకేతు మొదటి పంజరంలో పెట్టాడు. గీత ఉన్నవాటి ముందు జామపండు పెట్టి, తిన్నవాటిని రెండో పంజరంలో పెట్టాడు. తిననివి మూడో పంజరంలోకి వెళ్లాయి. అవి ఐదు. అక్కడ చిక్కుపడిపోయాడు.

"బుద్ధిని ఎలా విడదీయాలన్నయ్యా?"

సింహకేతు పంజరం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. తర్వాత, "వాటిలో ఒకదాన్ని మెచ్చుకో. మిగతావాటిని నేను చూస్తాను" అన్నాడు.

"ఈ బుజ్జిది ఎంత ముద్దుగా ఉందో" అన్నాడు మల్లకేతు.

మూడు చిలకలు ఈకలు దువ్వుకుంటూ ఉండిపోయాయి. ఒకటి మాత్రం మొహం తిప్పుకుని, గోళ్లతో కమ్మీని నొక్కిపట్టింది.

"అదే" అన్నాడు సింహకేతు.

"నీకెలా తెలుసు?"

"నాన్న నిన్ను మెచ్చుకున్నప్పుడల్లా నేనూ అలాగే మొహం తిప్పుకునేవాణ్ని."

పంజరంలో చెయ్యి పెట్టాడు. చిలుక అతని బొటనవేలు కొరికింది. అతను వదల్లేదు. వేలు తెగింది, చిలుక మెడ విరిగింది, మాంత్రికుడు కూలిపోయాడు. వాడి శాపం తీరి ఉడత మాణిక్యవల్లి అనే రాకుమారి అయింది. అక్కడ కనకగిరిలో రాజు కళ్లు తెరిచాడు.

మాణిక్యవల్లి మల్లకేతును కోరి పెళ్లాడింది. ఆ పందిట్లోనూ పెద్దవాడికి కాస్త కుళ్లు కలిగింది. అయినా తమ్ముడి మీద అక్షింతలు తనే ముందు వేశాడు. రాజు చాలాకాలం చల్లగా ఏలాడు.

సింహకేతు మళ్లీ విల్లు పట్టలేదు. అతని కుడిచేతికి బొటనవేలు లేదు.