మెట్ట మీద కూర్చోబెట్టిన దేవుడు

పూర్వం, వేగినీనదికి తాటితలలు మునిగిన వరద వచ్చి తీసిపోయిన పన్నెండో ఏట, ఆ నది ఒడ్డున ఉత్పలావతీ పట్టణాన్ని ధర్మజ్ఞుడనీ ప్రజారంజకుడనీ బిరుదులు పొందిన వసుకీర్తి మహారాజు ఏలుతూ ఉండగా జరిగిన సంగతి ఇది.

ఆ రాజుకు గురువు తృణాశనుడనే ముని. గడ్డిగింజలు తప్ప వేరే ఆహారం ముట్టక, ఎండనకా వాననకా ఒంటికాలి మీద నిలిచి తపస్సు చేసి, ఇంద్రియాలను గెలిచిన మహానుభావుడు. అబద్ధమాడి ఎరగనివాడు. అట్లాంటివాడు ఆడిన అబద్ధం గనకనే అది అంత దూరం పోయింది.

మొదటి వరదలో ఊళ్ళూ పైర్లూ కొట్టుకుపోయాక, రాజు మిగిలిన విత్తనాన్ని ఊరికి ఉన్న ఒకే ఒక్క ఎత్తు చోటైన మెట్ట మీదికి చేర్పించి గాదెలు కట్టించాడు. జనానికి ఆకలి. చీకటి పడితే ఎక్కి గాదెలకు కన్నాలు వేసేవారు. భటులు కర్రలు పట్టుకుని కాపు కాసేవారు. ఒకనాడు ఒక భటుడి దెబ్బకు ఒక గొల్లవాడు ప్రాణం వదిలాడు. ఆ శవాన్ని చూసి కరుణాసముద్రుడైన తృణాశనుడు కన్నీరు పెట్టుకుని, విత్తనమూ నిలవాలి, ఎవరి తలా పగలకూడదు, దీనికి ఉపాయమేమని మూడు రోజులు ఆలోచించాడు.

నాలుగో రోజు నిండుసభలో లేచి, చంద్రశేఖరుడూ గంగాధరుడూ అయిన కపర్దీశ్వరుడు తనకు ధ్యానంలో కనబడి, ఆ మెట్ట నా పీఠము, రాజవంశమూ రాజు కొలువులో ఉన్నవారూ గాక వేరెవరు దాన్ని తొక్కినా వారి వంశం నిలవదు అని సెలవిచ్చినట్టు చెప్పాడు. కర్రదెబ్బ కన్న మాట మెత్తన అనుకున్నాడు.

ఆ రాత్రి నుంచి మెట్ట ఎక్కినవాడు లేడు. భటులు కర్రలు పారేసి ఇళ్ళకు పోయారు. మరుసటేడు విత్తనం నిండుగా చల్లారు, పంట పండింది. ముని చేసిన పని మంచిదేనని అందరూ అనుకునే రోజులవి. ముని కూడా అనుకున్నాడు.

కొన్నాళ్ళకు నీలిక అనే గొల్లావిడ మేకపిల్ల ఒకటి తప్పిపోయి మెట్ట మీదికి పోయింది. దిగడం చేతగాక అరుస్తూ ఉంది. నీలిక కింద నిలబడి రెండు రోజులు పిలిచింది. పది అడుగులు వేస్తే అందేది. వెయ్యలేదు. మూడో రోజుకు అరుపు ఆగింది. తృణాశనుడు ఆ దారినే పోతూ అది చూశాడు. ఆమె భక్తికి సంతోషించి దీవించి వెళ్ళాడు. ఆ దీవెనను తలుచుకుని తరవాత ఆయన పడ్డ బాధ ఇంతా అంతా కాదు.

రాజు మంచివాడే. కాని సుఖం మరిగాడు. ఒకనాడు నవ్వుతూ, గురుదేవా, పన్నుల సంగతి కూడా స్వామివారు ఏమైనా సెలవిచ్చారా అని అడిగాడు. మొదట ముని ఆ మాట దాటవేశాడు. ఆ ఏడు చివరికి, సభలో రాజుకు ఎదురు ప్రశ్న వేయడం శివాపరాధమని చెప్పాడు. ఒకటి చెప్పిన నోటికి రెండోది కష్టం కాలేదు.

అట్లా ఏళ్ళు గడిచి, మొదటి వరద తీసిన పన్నెండో ఏట, శ్రావణమాసంలో ఒకనాటి ఉదయం వేగినీనది మళ్ళీ పొంగింది. రాజూ, రాణులూ, మంత్రులూ, మునీ మెట్ట ఎక్కారు. జనమంతా పిల్లలను చంకనెత్తుకుని, ముసలివాళ్ళను వీపున మోసుకుని పరుగున వచ్చి, మెట్ట అంచు దగ్గర ఆగిపోయారు. నీళ్ళు మడమలకు వచ్చాయి. మోకాళ్ళకు వచ్చాయి. ఒక్కరూ ఎక్కలేదు.

రాజు పైనుంచి రమ్మని ఆజ్ఞాపించాడు. జనం కదలలేదు. భటులను దింపి చేతులు పట్టి లాగించాడు. వాళ్ళు చెట్ల మొదళ్ళను కరుచుకున్నారు. ఒక ముసలాయన, తనను లాగుతున్న భటుడితో, నువ్వు రాజుగారి ఉప్పు తింటున్నావు గనక నీకు చెల్లింది నాయనా, నాకు మనవళ్ళున్నారు, వదులు అని నెమ్మదిగా చెప్పి చెయ్యి విడిపించుకున్నాడు. ఆయన నీలిక భర్త.

అప్పుడు తృణాశనుడు నీళ్ళలోకి దిగి, మొలలోతున నిలబడి, చేతులు జోడించాడు.

“నాయనలారా, అమ్మలారా, వినండి. శివుడు నాతో ఏమీ చెప్పలేదు. ఈ మెట్ట ఒట్టి మెట్ట. నేను అబద్ధమాడాను.”

జనం ఆయన వంక జాలిగా చూశారు. నీలిక మనవరాలిని భుజం మీదికి ఎత్తుకుంటూ అంది.

“మామీద దయతో ఇప్పుడు అబద్ధమాడుతున్నారు సామీ. మాకోసం మీరు పాపం మూట కట్టుకోకండి.”

“అమ్మా, పిల్ల మునిగిపోతుంది. ఇంక వంశం ఎక్కడిది?”

“మునిగితే ఈ ఒక్క పిల్లే. తొక్కితే ముందు పుట్టబోయేవాళ్ళంతా పోతారు. మీరే గదా చెప్పింది.”

ముని ఒట్టు పెట్టాడు. జందెం తెంపి నీళ్ళలో పారేశాడు. తాను చేసిన తపస్సంతా ధారపోస్తాను, నమ్మమన్నాడు. ఆయన ఎంత చెబితే వాళ్ళకు ఆయన మీద అంత గౌరవం పెరిగింది. ఇంతలో పెద్ద కెరటం ఒకటి వచ్చి ముగ్గురిని తీసుకుపోయింది. నీలిక భర్త, ఒక కుమ్మరి, వేరే ఇంటి ఏడేళ్ళ ఆడపిల్ల. నీలిక కేక వేసింది గాని కాలు పైకి పెట్టలేదు.

అప్పుడు ఆ సత్యవ్రతుడు జడలు విప్పుకుని, కళ్ళు తిప్పి, ఒళ్ళంతా ఊగిస్తూ, తనది కాని గొంతుతో అరిచాడు.

“నేను కపర్దిని. నా పీఠం మీదికి రండి. రానివాళ్ళ వంశం నిలవదు.”

మాట పూర్తి కాకముందే జనమంతా ఎక్కేశారు.

నిజం చెప్పడానికి పట్టిన ఆ కాసేపట్లోనే ముగ్గురు పోయారు. అబద్ధం ముందే ఆడి ఉంటే వాళ్ళు బతికేవారు. ఆ లెక్క ముని మనసులో నుంచి చివరిదాకా పోలేదు.

సాయంకాలానికి వాన వెలిసింది. జనం తమను రక్షించిన స్వామికి మెట్ట మీద మొక్కుతున్నారు. రాజు ముని పక్కకు వచ్చి కూర్చుని మెల్లగా అన్నాడు.

“గురుదేవా, ఈ సంగతి ఇంతటితో వదిలేయండి. పొద్దున మీ నిజం వాళ్ళను ముంచింది. మీ అబద్ధం బతికించింది. రేపు నిజం నమ్మితే, ఇక నా మాటా మీ మాటా ఎవరు వింటారు?”

ముని లేచాడు. ఒక బండ చాటుకు పోయి, కన్నీరు ధారలు కట్టగా, నేను నీ పేరు వాడుకున్నాను తండ్రీ అని ఒక్క మాటే అనుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు భస్మభూషితుడూ, త్రినేత్రుడూ, భక్తులకు సులభుడూ అయిన పరమేశ్వరుడు ఆయన ఎదుట ప్రత్యక్షమయ్యాడు.

“మునీ, ఈ మెట్ట మీద నేనెన్నడూ కూర్చోలేదు. నువ్వు కూర్చోబెట్టావు. అయినా నీ ఏడుపు నాకు వినబడింది. వరం కోరుకో.”

ముని సాష్టాంగపడి, పోయిన ముగ్గురినీ తిరిగి ఇమ్మన్నాడు. వాళ్ళు నా దగ్గరికి చేరారు, వాళ్ళకు ఇప్పుడు ఏ భయమూ లేదు, బతికున్నవాళ్ళ కోసం అడుగు అన్నాడు శివుడు.

“అయితే తండ్రీ, నేను పెట్టిన భయాన్ని వాళ్ళ మనసుల్లోంచి తీసివేయి.”

పరమేశ్వరుడు తల అడ్డంగా ఊపాడు.

“వాళ్ళను అడక్కుండా వాళ్ళ మనసులో నువ్వు ఒకటి పెట్టావు. వాళ్ళను అడక్కుండా నేను దాన్ని తీస్తే, నీకూ నాకూ తేడా ఏముంది? ఆ పని నేను చెయ్యను. నువ్వు నిజం చెప్పేటప్పుడు నీ నోరు తడబడకుండా వరమిస్తున్నాను. చివరిదాకా వినే ఓపిక వాళ్ళకిస్తున్నాను. నమ్మడం, నమ్మకపోవడం వాళ్ళ ఇష్టం.”

అని అంతర్ధానమయ్యాడు.

ఆ వరం ఫలించడానికి చాలా ఏళ్ళు పట్టింది. జనం కొందరు త్వరగా, కొందరు ఆలస్యంగా నమ్మారు. సభలో ప్రశ్నలు వేసేవాళ్ళు మళ్ళీ పుట్టారు. మొదట రాజు ముఖం ముడుచుకున్నాడు, తరవాత అలవాటు పడ్డాడు. విత్తనపు గాదెల కాపలాను ఊరివాళ్ళే వంతులు వేసుకుని చూసుకున్నారు. శివుణ్ణి కొలవడం ఎవరూ మానలేదు. ఇదంతా తరవాతి మాట.

ఆ మర్నాడు పొద్దున్నే, నీళ్ళు తీస్తున్న వేళ, తృణాశనుడు మెట్ట దిగి, బురదలో నడుచుకుంటూ నీలిక ఇంటికి పోయాడు. గోడలు లేవు, గుంజలే ఉన్నాయి. నేల మీద కూర్చుని, నీ భర్త నా మాట వల్ల పోయాడమ్మా, నిన్న నా ఒంటి మీదికి వచ్చింది కూడా దేవుడు కాదు అని మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. నీలిక మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని అంతా విన్నది. నమ్మిందో లేదో చెప్పలేదు. తిట్టనూ లేదు.

“ఇంకా రెండిళ్ళున్నాయి. అక్కడ కూడా చెప్పండి” అంది.

ముని లేచి, కుమ్మరివాళ్ళ ఇల్లు ఎటని అడిగి, అటు నడిచాడు.