పలకలమ్మ తల్లి: కుట్టు పడవలు మొగ దాటిన కథ

గంగరేవు ఊరికి తూర్పున, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, సరుగుడు తోపు దాటగానే పలకలమ్మ తల్లి గుడి కనిపిస్తుంది. దీనికి గోపురం లేదు, ప్రాకారం లేదు. తాటాకు కప్పు కింద రెండు నిలువెత్తు చెక్క పలకలు పక్కపక్కన నిలబడి ఉంటాయి. కొబ్బరి పీచుతాడుతో వేసిన కుట్టు ఆ రెండింటినీ పైనుంచి కిందిదాకా కలుపుతుంది. పసుపూ కుంకుమా ఆ కుట్టుకే పెడతారు. తల్లికి కళ్ళూ చేతులూ ఎందుకు లేవని దూరం నుంచి వచ్చే భక్తులు అడుగుతుంటారు. ఆ కుట్టే తల్లి ముఖం. ఇక్కడ దర్శనానికి రుసుము లేదు. పెద్దవారికి వేరే వరుస లేదు, ఇక ముందూ ఉండబోదు.

పూర్వం ఇక్కడ సూరపరాజు అనే నావికా దళపతి ఉండేవాడు. దీవుల నుంచి వచ్చిన శత్రువు తీరం వెంబడి రేవులన్నీ తగలబెడుతూ వస్తుంటే, అతడు నలభై నావలతో ఎదురు వెళ్ళాడు. ఇనుప మేకులతో బిగించిన పెద్ద నావలవి. మొగలోని ఇసుక మేటల మీద కెరటాలు వాటిని ఎత్తి కుదేశాయి. పోరు మొదలుకాకముందే సగం పగిలాయి, మిగిలినవాటిని శత్రువు పగలగొట్టాడు. ఒడ్డుకు చేరినవి మూడే. శత్రువు మొగకు ఎదురుగా లంగరు వేసి పున్నమి పోటు కోసం కాచుకున్నాడు. ఆ పోటుకు లోపలికి వస్తే గంగరేవు బూడిదే. పదిహేను రోజుల గడువు మిగిలింది.

దళాన్ని రద్దుచేసి వెనక్కి రమ్మని రాజధాని నుంచి ఆజ్ఞ వచ్చింది. "ఊరిని తీసుకుని రమ్మన్నారా, వదిలేసి రమ్మన్నారా?" అని సూరపరాజు అడిగాడు. ఆజ్ఞలో ఊరి మాటే లేదు. సూరపరాజు కదలలేదు. కొట్టుకొచ్చిన పలకలు ఒడ్డంతా ఉన్నాయి. వాటిని బిగించడానికి ఇనుము మాత్రం లేదు.

మూడో రోజు మధ్యాహ్నం అతడు తెరచాప నీడన కునుకు తీస్తుండగా, తడి కొంగుతో ఒక ముసలమ్మ కలలోకి వచ్చింది. "ఒరే సూరపా, కర్రను బిగదీసి నా మీదికి పంపావు. వంగనిదాన్ని నేను మోయను. పీచు నానబెట్టే గుంటల దగ్గరికి పో. అక్కడ నా కూతుళ్ళున్నారు. ఆజ్ఞ ఇవ్వకు, అడుగు" అంది.

గుంటల దగ్గర అరవైమంది ఆడవాళ్ళు పీచు కొడుతున్నారు. వాళ్ళు తాడు పేనితే, ఆ తాడుతో మగవాళ్ళు చిన్న చేపల పడవలు కుట్టుకునేవారు. పడవను మాత్రం ఆడది ముట్టరాదు. అయినా చూసి చూసి ఆ కుట్టు ఆడవాళ్ళందరికీ వచ్చేసింది. వాళ్ళలో పెద్దది కొర్లమ్మ. సూరపరాజు చేతులు కట్టుకుని కల సంగతీ, వచ్చిన పనీ చెప్పాడు.

కొర్లమ్మ పీచు కొడుతూనే అంది: "ఆడది ముట్టిన పడవ మునుగుతాదని మీ వోళ్ళంటారు గదా దొరా."

"ముట్టనివ్వని నావలు ముప్ఫైయేడు మునిగాయమ్మా."

గుంటల దగ్గర నవ్వులు లేచాయి. కొర్లమ్మ నవ్వలేదు. "కుడతాం. కెరటం దెబ్బకి కుట్టు వదులవుతాది, బిగించాల. నీరు తోడాల. అందుకని కుట్టినోళ్ళం పడవలోనే ఉంటాం. మునిగితే అందరం మునుగుతాం. ఒడ్డున కూకుని తిట్లు తినం."

దళంలో నావలు నడిపే పెద్ద సరంగు గవిరయ్య ఈ మాట విని, "ఆడోళ్ళతో యుద్ధానికా? ఊరు నవ్వుతాది బాబూ" అన్నాడు.

"నవ్వడానికి ఊరుండాల గదా మావా" అంది కొర్లమ్మ.

మర్నాటి నుంచే పని మొదలైంది. సైనికులు కత్తులు పక్కన పెట్టి పీచు కొట్టారు, తొడ మీద తాడు పేనారు. "ఇంత పెద్ద మీసముంది, పురి తిప్పడం రాదేటి?" అని పడుచులు ఆటపట్టించారు. బెజ్జాలు తొలిచేవారు తొలిచారు, కుట్టేవారు కుట్టారు. దున్నేవాడిదే భూమి అంటాం మనం. ఆ పది పన్నెండు రోజులూ గంగరేవులో కుట్టేవారిదే పడవ. దొర ఎవరో కూలి ఎవరో పోల్చుకోవడం కష్టమైంది. అందరి ఒంటి మీదా ఒకే పీచు దుమ్ము.

గవిరయ్యకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఎవరూ చూడకుండా తన పడవకు పాత మేకులు ఏరి కొట్టుకున్నాడు. మొగ అంచున పరీక్షకు దింపగానే మొదటి కెరటానికే మేకు ఉన్న చోటల్లా పలక చీలింది. ఆడవాళ్ళే ఈదివెళ్ళి అతణ్ణి జుట్టు పట్టి లాగారు. ఒడ్డున కూర్చుని నీళ్ళు కక్కుకుని, "సూది ఇలాగియ్యండమ్మా" అన్నాడు గవిరయ్య.

పున్నమి ఉదయం ముప్ఫై కుట్టు పడవలు మొగ దాటాయి. కెరటం లేస్తే ఒంగాయి, దిగితే తేరుకున్నాయి. మగవాళ్ళు తెడ్డు వేస్తుంటే ఆడవాళ్ళు నీరు తోడుతూ కుట్లు బిగించారు. శత్రువు వాటిని చూసి నవ్వుతూ వెంటపడ్డాడు. పడవలు లోతు దారి వదిలి ఇసుక మేటల మీదుగా తేలిగ్గా వెనక్కి మళ్ళాయి. వెనకే వచ్చిన పెద్ద నావలు మేటల మీద కూర్చుండిపోయాయి. పోటు తీసేసరికి వాటి మేకులన్నీ ఊడి పలకలు విడిపోయాయి. నీళ్ళలో కొట్టుకుంటున్న శత్రు నావికులను సైతం కొర్లమ్మ పడవలోకి లాగింది. నీళ్ళు మింగేవాడికి జెండా ఏముంటుంది?

సూరపరాజు పేరిట జయస్తంభం వేయిస్తామని రాజు కబురు పంపాడు. ఏం చేద్దామని సూరపరాజు మళ్ళీ కొర్లమ్మనే అడిగాడు. "కలలో చెప్పినావిడికి ముందు చోటు సూడండి" అందామె. ముందు నడిచిన పడవ నుంచి రెండు పలకలు విప్పి, తిరిగి కుట్టి, ఇక్కడ నిలిపారు. స్తంభం ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

నేటికీ మాఘ పున్నమి నాడు తల్లి పడవ ముందుగా ఆడవారితోనే మొగ దాటుతుంది. మగవారు రొమ్ము లోతు నీళ్ళలో నిలబడి దాన్ని తోస్తారు. విరిగిన సంసారమైనా, మునిగిన వ్యాపారమైనా, తల్లి ఎదుట ఒక కుట్టు వేసి మొదలుపెడితే నిలబడుతుందని భక్తుల నమ్మకం. తల్లి పడవ తర్వాత బయలుదేరే పడవలు ఎక్కాలంటే, ఎంతటి పదవిలో ఉన్నవారైనా రేవులోని ముసలమ్మలకు అరచేతులు చూపించాలి. మెత్తగా ఉంటే, "పోయి పీచు కొట్టు నాయనా" అని గుంటల దగ్గరికి పంపుతారు. ఇంతవరకు ఎవరినీ ఒడ్డున వదిలి వెళ్ళలేదు. పొద్దు వాలేసరికి అందరి చేతులూ ఎర్రబడతాయి, అందరూ పడవ ఎక్కుతారు.